మడత సైకిల్ ఏ ఊరిదో

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "అమ్మా, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏదైనా చెప్పండి" అని అడుగుతారు. ఎవరో పాప మొదటిసారి లేచి నిలబడ్డ సంగతి చెబుతాననుకుంటారు. నేను ఒక సైకిల్ సంగతి మొదలుపెట్టేసరికి మొహాలు చిన్నబోతాయి. చిన్నబోతే పోనీ. లేచి నిలబడ్డ పాపలు చాలామందే ఉన్నారు, వాళ్లంతా నన్ను ఎప్పుడో మరిచిపోయి సుఖంగా ఉన్నారు. ఆ సైకిల్ మాత్రం నన్ను వదల్లేదు.

నేను పనిచేసింది పాతబస్తీలో ఒక సర్కారు ఆస్పత్రి వెనక, రేకుల షెడ్డులో. పోలియో వచ్చిన కాళ్లకు ఇనుప కడ్డీల క్యాలిపర్లు, వాటికి తగ్గ బూట్లు అక్కడ తయారయ్యేవి. ఇప్పుడు మీకు ప్లాస్టిక్ ఉంది, అతుక్కునే పట్టీలున్నాయి. మాకు ఇనుము, తోలు. నాది తోలు పని. మోకాలి పట్టీలు, తొడ చుట్టూ మెత్తలు కుట్టేదాన్ని. మిషన్ స్కూల్లో మెట్రిక్ దాకా చదివి తోలు కుట్టడమేంటని మా చుట్టాలు మూతి విరిచారు. మా నాన్నదీ, తాతదీ అదే పని. వాళ్లకు అరుగు మీద దొరికింది, నాకు సర్కారు కొలువుగా దొరికింది.

మా ఫోర్మన్ గారు కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినాయన. మంచివాడే కానీ, గుండుసూది పోయినా గుమ్మం మూయించి వెతికించే రకం. ఆయన కింద పేంటర్ తాత ఉండేవాడు. క్యాలిపర్లకూ చక్రాల కుర్చీలకూ రంగు వేయడం, ఆస్పత్రి బోర్డులు రాయడం ఆయన పని. నిజాం జమానాలో ఉర్దూ బడిలో చదివిన మనిషి. తెలుగు, ఉర్దూ రెండూ ముత్యాల్లా రాసేవాడు. ఇంగ్లీషు బోర్డయితే నేను కాగితం మీద రాసిచ్చిన అక్షరాల్ని బొమ్మ గీసినట్టు గీసేవాడు. పాత రంగు మీద కొత్త రంగు వేయమంటే ఆయనకు ఒళ్లు మండేది. "తానం జెయ్యకుంట కొత్త బట్టలు గట్టుకుంటరా బిడ్డా?" అనేవాడు. ఏ వస్తువైనా ముందు కిరసనాయిలు పూసి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా గీకాల్సిందే. ఆ తర్వాతే లప్పం, ఆ తర్వాతే రంగు.

సైకిల్ ఆసామిని మేమంతా మాస్టర్ సాబ్ అనేవాళ్లం. ఆయన నన్ను ఆపా అనేవాడు, అక్కా అని. నిజాం ఫౌజులో పనికొచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల కుటుంబం. మొఘల్‌పురాలో ఇల్లిల్లూ తిరిగి పిల్లలకు ఉర్దూ, అరబీ అక్షరాలు నేర్పేవాడు. చిన్నప్పుడే ఎడమ కాలు పడిపోయింది. క్యాలిపర్ మాదే. ఆ కాలు మోకాలి దగ్గర వంగదు కాబట్టి మామూలు సైకిల్ ఎక్కలేడు, బస్సు మెట్టూ ఎక్కలేడు. ఆయన దగ్గర మాత్రం ఎవరి దగ్గరా లేని సైకిల్ ఒకటుండేది. చిన్న చిన్న చక్రాలు, మోకాలి కంటే కిందుగా ఒకటే గొట్టం, ఆ గొట్టం మధ్యలో ఒక కీలు. పిడి తిప్పితే సైకిల్ రెండుగా మడతపడేది. గల్లీలో వదిలిపెట్టే పని లేకుండా మడిచి, పాఠం చెప్పే ఇంటి అరుగు మీద తన పక్కనే పెట్టుకునేవాడు. బాగున్న కాలు ఒక్కదానితోనే తొక్కేవాడు. ఆ కాలు పెడల్ మీదనుంచి జారకుండా తోలు పట్టీ కుట్టిచ్చింది నేనే. ఫలక్‌నుమా ఎత్తు ఎక్కేటప్పుడు ఎవరో ఒకరు వెనక నుంచి తోసేవారట. దిగేటప్పుడు మాత్రం నవాబులాగా దిగేవాడినని నవ్వేవాడు.

ఒకరోజు ఆ సైకిల్‌ని రిక్షాలో వేసుకుని వచ్చాడు. కీలు పగిలింది.

"ఆపా, దీనికి మీరే దిక్కు. బజార్ల ఎవడు జూసినా గిదేం బండి భాయ్ అని నవ్వుతున్నడు."

ఫోర్మన్ గారు కళ్లజోడు పైకి నెట్టుకుని చూశారు. "ఇది పోత పోసిన తెల్ల లోహమండీ. వెల్డింగ్ పెడితే కరిగి కారిపోతుంది. ఇట్టాంటి కీలే తెప్పించాలి. ఎవడు చేసిన బండో తెలియాలి ముందు."

ఎవడు చేశాడో చెప్పే ఇత్తడి బిళ్ల లేదు. సీటు కింద గొట్టం మీద మాత్రం కాగితం లాంటి ముద్ర ఒకటి అతికించి ఉంది. ఇటుక రంగు సైకిల్ మీద వెలిసిపోయిన ముద్ర. మధ్యలో ఏదో బొమ్మ, చుట్టూ అక్షరాలు. నన్ను చదవమన్నారు. అక్షరాలు మనకు తెలిసినవే కానీ మాటలు ఇంగ్లీషు కావు. ఇది ఇటలీ బండి అని మాస్టర్ సాబ్ అన్నాడు. అయితే మనకు ఇబ్బంది లేదని నేనన్నాను. ఎందుకంటే మాకు ఒక ఇటలీ సిస్టరమ్మ తెలుసు. ఊరవతల చర్చి తరఫున పోలియో పిల్లల హాస్టల్ నడిపేది, క్యాలిపర్లు సరిచేయించడానికి పిల్లల్ని జీపు నిండా ఎక్కించుకుని వచ్చేది. దసరా సెలవులు కాగానే వస్తుంది. చదవడానికి సొంత మనిషే వస్తుంటే కూడబలుక్కుని చదవడమెందుకని ముద్ర వైపు మళ్లీ చూడలేదు.

ఫోర్మన్ గారు సైకిల్‌ని గోడకున్న కొక్కేనికి తగిలించి అందరికీ వినిపించేలా చెప్పారు. "సిస్టరమ్మ వచ్చి చూసిందాకా ఆ కీలు ఎవరూ ముట్టుకోవద్దు." చెప్పి, పండక్కి వాళ్ల ఊరు వెళ్లిపోయారు.

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. ఆయుధపూజ నాటికి షెడ్డులో ఉన్న ఇనుప వస్తువేదీ మాసిపోయి ఉండకూడదు. సుత్తి, పట్టకారు, డ్రిల్లు మిషను, అన్నీ తుడిచి, రంగు పోయిన వాటికి రంగు వేసి, బొట్లు పెట్టి బంతిపూలు చుట్టేవాళ్లం. బయటివాళ్లు బాగుచేయించుకోవడానికి తెచ్చిన వస్తువు ఉంటే దానికీ అదే మర్యాద. అప్పట్లో ఎవరూ దానికి మతం అడ్డం పెట్టేవాళ్లు కాదు. పండుగ పూట షెడ్డులో ఉన్నది ఏదైనా చుట్టమే అనేవాడు పేంటర్ తాత.

పూజ రోజు నేను పూలు తీసుకుని వచ్చేసరికి కొక్కేనికి సైకిల్ ఆకుపచ్చగా నిగనిగలాడుతూ వేలాడుతోంది. క్యాలిపర్లకు వేసే ఆస్పత్రి ఆకుపచ్చ, బోర్డులు రాసే తెల్లరంగు తప్ప మా దగ్గర ఉన్న రంగు అదొక్కటే. కీలు చుట్టూ గుడ్డ చుట్టి దారంతో కట్టి ఉంది. ముట్టుకోవద్దన్నారు కాబట్టి తాత కీలుని ముట్టుకోలేదు. మిగిలిన సైకిలంతా లోహం మెరిసేదాకా గీకి, లప్పం పెట్టి, గీత కనబడకుండా రంగు వేశాడు.

"ఎట్లుంది బిడ్డా?"

"పెళ్లికూతురులా ఉంది తాతా" అన్నాను. నిజంగానే అలా ఉంది. ముద్ర సంగతి నా మనసులోకే రాలేదు. మాస్టర్ సాబ్‌ని కూడా పిలిచాం. ఆయన చూసి, "అరె వా! మస్తు జేసినవ్ తాతా" అని తాతను కావలించుకున్నాడు. అందరం లడ్డూలు తిన్నాం. మా షెడ్డులో అంత సంతోషంగా జరిగిన పండుగ ఇంకోటి లేదు, ఏం లాభం.

సెలవులయ్యాక సిస్టరమ్మ వచ్చింది. ఆమెకు మన భాష ఎవరో పాత పుస్తకాలు పెట్టి నేర్పినట్టున్నారు, మాట్లాడితే పాతకాలపు పత్రిక చదివినట్టుండేది. పిల్లల పని అయ్యాక ఫోర్మన్ గారు సైకిల్ దించి చూపించారు. మాస్టర్ సాబ్ కూడా ఆ రోజు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సిస్టరమ్మ కీలు మీద గుడ్డ విప్పి చూసి మురిసిపోయింది.

"ఇది నాకు తెలియును! మా దేశములో ఇట్టి బండ్లు చిన్న చిన్న దుకాణములవారు చేయుదురు. గొట్టములు ఒక చోట, కీలు ఒక చోట కొని, అతికించి, తమ దుకాణము పేరును తమ ఊరి పేరును అంటింతురు. ఆ చీటీ చూపుడి. ఎవరు చేసినదో ఇప్పుడే చెప్పెదను."

సిస్టరమ్మ వంగి గొట్టం చుట్టూ చూసింది. ఫోర్మన్ గారు చూశారు. ఆకుపచ్చ తప్ప ఏమీ లేదు. పేంటర్ తాత మాత్రం ముందుకొచ్చి, సీటు కింద వేలు పెట్టి, "ఈడ ఉండె" అన్నాడు.

"పెద్దాయనా, ముట్టుకోవద్దని చెప్పా కదయ్యా!"

"కీలు ముట్టుకోవద్దన్నరు సార్. కీలు నేను ముట్టలే."

అప్పటికి కూడా మేము, పోయింది స్పేర్ పార్టు దొరికే దారి మాత్రమే అనుకున్నాం. మాస్టర్ సాబ్ ఊరుకుని ఉంటే అలాగే అనుకుని ఉండేవాళ్లం. ఆయన చేతికర్ర పట్టుకుని మెల్లగా లేచాడు.

"సిస్టర్, ఊరి పేరు గూడ రాస్తరా దాని మీద?"

"రాయుదురు. చిన్న ఊరైన యెడల, ఎవరికి అమ్మిరో కూడ దుకాణదారునికి గుర్తుండును. దీనిని కొన్నది ఎవరు?"

"మా భాయ్" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. అన్న ఓడలో వంటవాడు. బొంబాయిలో ఓడెక్కి దేశాలు తిరిగేవాడు. ఆ సైకిల్‌ని ఇంకో ఓడ మనిషి చేత బొంబాయికి పంపితే, అక్కడి నుంచి బార్కస్ ఆయన ఒకరు తెచ్చి ఇంట్లో దించారు. ఇటలీలో కొన్నాడని, 'తమ్మునికి ఇయ్యి, కాలెత్తకుండ ఎక్కొచ్చు' అన్నాడని, అంతే కబురు. ఆ తర్వాత అన్న ఓడ దిగిపోయాడని తెలిసింది. ఎక్కడ దిగాడో, ఎందుకు దిగాడో చెప్పిన మనిషి లేడు. తల్లి ప్రతి రోజూ గడప దగ్గరే కూర్చుంటుంది.

"ఆ కాగితం మీద దుకాన్ పేరు, ఊరు ఉంటయని నాకేం ఎరుక ఆపా? ఏదో డిజైన్ అనుకున్న. రోజూ దాని మీదనే కూసున్న."

రోజూ అక్షరాలు నేర్పే మనిషి ఆ మాట అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మూడో భాష అక్షరాలు ఆయనకు రావు. వచ్చిన నేను చదవలేదు.

సిస్టరమ్మ కాగితం, పెన్సిల్ తీసి ఎవరికి గుర్తున్నది వాళ్లను చెప్పమంది. బొమ్మ ఏమిటి? పిట్ట అన్నాను నేను, రెక్కలు చాపిన పిట్ట. కిరీటమండీ అని ఫోర్మన్ గారు. మాస్టర్ సాబ్ పడవ అన్నాడు, తెరచాప ఉందన్నాడు. అన్న ఓడ మనిషి కాబట్టి ఆయనకు పడవ కనబడిందేమో. నాకు పిట్ట ఎందుకు కనబడిందో నాకే తెలియదు. మొదటి అక్షరం ఏమిటి? నేను ఒకటి చెప్పాను, ఫోర్మన్ గారు ఇంకోటి చెప్పారు. సిస్టరమ్మ అన్నీ గీసింది. పేంటర్ తాతను అడిగితే తల అడ్డంగా ఊపాడు.

"గీకేటప్పుడు బొమ్మను జూడ సిస్టరమ్మా. తుప్పు ఉందా లేదా అదే జూస్త."

ఫోర్మన్ గారు పెడళ్లు తిరిగే క్రాంకు కింద లప్పం గోకించారు. నంబరు బయటపడింది. ఎంత ఆశగా చూశామో! నంబరొక్కటే ఉంటే లాభం లేదంది సిస్టరమ్మ, ప్రతి దుకాణమూ తనకిష్టమొచ్చిన నంబరు కొట్టుకుంటుందట.

మధ్యాహ్నం అన్నాల వేళ తాత కనబడలేదు. షెడ్డు వెనక చెత్తకుప్ప దగ్గర ఉన్నాడు. పండుగ ముందు ఊడ్చిపోసిన రజనునంతా ఇసుక జల్లెడలో పోసి జల్లిస్తున్నాడు. తడిసిన రంపపు పొట్టు, తోలు ముక్కలు, అందులో అక్కడక్కడా ఇటుక రంగు పెచ్చులు. ఒక్కొక్క పెచ్చునూ తడి వేలితో అంటించుకుని ఎండలో పెట్టి చూస్తున్నాడు. నేనూ పక్కన కూర్చుని వెతికాను. గరుకు కాగితం ముద్రను పిండి చేసేసింది. అక్షరమున్న పెచ్చు ఒక్కటీ దొరకలేదు.

"మంచిగ జేద్దామనే జేసిన బిడ్డా" అన్నాడు.

"తెలుసు తాతా."

తాత మీద నాకు అప్పుడూ కోపం రాలేదు, ఇప్పుడూ లేదు. ఇంకొంచెం బద్ధకస్తుడై ఉంటే, పాత రంగు మీదే కొత్తది పూసి ఉంటే, కింద ముద్ర ఎక్కడో ఉండేది. పనిలో అంత నిజాయితీ ఉన్నవాడు కాబట్టే ఏమీ మిగల్లేదు. మీలో శ్రద్ధగా పనిచేసే వాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఇదే. ఎదుటివాళ్ల వస్తువును బాగుచేసే ముందు, వాళ్లకు అది ఏమిటో ఒక్కసారి అడగండి. మేము కాలు గురించి అడిగాం, కీలు గురించి అడిగాం. సైకిల్ ఎవరు పంపారని ఒక్కరమూ అడగలేదు.

ఆ తర్వాత చాలాకాలానికి సిస్టరమ్మ సెలవు మీద వాళ్ల దేశం వెళ్లింది. కీలు ఫోటో, తను గీసిన పిట్ట, కిరీటం, పడవ తీసుకుని వెళ్లింది. ఈలోపు ఫోర్మన్ గారు కీలుకు ఇనుప పట్టీ బిగించి ఇచ్చారు. మడతపడకపోయినా సైకిల్ నడిచింది. మాస్టర్ సాబ్ పాఠాలు ఆగలేదు. షెడ్డు ముందునుంచి వెళ్తే ఆగి, "సిస్టర్ వచ్చిందా?" అనేవాడు. లేదంటే, "ఫికర్ లేదు, వస్తది" అని ఆయనే మాకు ధైర్యం చెప్పేవాడు. అది వినడం మాకు ఇంకా కష్టంగా ఉండేది.

సిస్టరమ్మ తిరిగొచ్చిన రోజు మాస్టర్ సాబ్ తల్లిని కూడా రిక్షాలో తీసుకొచ్చాడు. నల్ల బురఖాలో సన్నటి ముసలమ్మ. మా తోలు బల్ల మీదే కూర్చోబెట్టాను. సిస్టరమ్మ సంచీలోంచి కాగితంలో చుట్టిన కొత్త కీలు తీసింది. అచ్చం అదే. ఫోర్మన్ గారు అక్కడికక్కడే బిగించారు. పిడి తిప్పితే సైకిల్ చప్పుడు లేకుండా మడతపడింది. మా చేతికొచ్చిన పనిగా చూస్తే ఇంతకంటే బాగా పూర్తయిన పని లేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ కీలు చేసే ఫ్యాక్టరీ ఒక్కటేననీ, అది సముద్రం ఒడ్డు పొడుగునా లెక్కలేనన్ని దుకాణాలకు కీళ్లు అమ్ముతుందనీ సిస్టరమ్మ చెప్పింది. తను వెళ్లగలిగిన దుకాణాలకల్లా వెళ్లి అడిగిందట. పిట్ట బొమ్మ వేసేవాళ్లున్నారు, కిరీటం వేసేవాళ్లున్నారు, పడవ వేసేవాళ్లూ ఉన్నారు. అరబ్బు వంటమనిషి ఎవరికీ గుర్తులేడు.

ముసలమ్మ అంతా విని ఉర్దూలో ఏదో అడిగింది. మాస్టర్ సాబ్ తెలుగులో చెప్పడానికి తటపటాయిస్తుంటే పేంటర్ తాత చెప్పాడు. "నువ్వు ఆ దేశంకెల్లే వచ్చినవు కద. తొవ్వల పొడుగు మనిషి ఎవరన్న కనవడ్డడా అంటున్నది. దర్వాజ దాటాలంటే తల వంచుతడంట."

సిస్టరమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "మా దేశము చాల పెద్దది, అమ్మా" అంది. అంతకు మించి ఆమెకు తెలుగు రాలేదు.

ముసలమ్మ ఏడవలేదు. లేచి సైకిల్ దగ్గరికి వెళ్లి, కాగితం ఎక్కడ ఉండేదని అడిగింది. తాత చూపించాడు. ఆ చోట చెయ్యి పెట్టి, ఇక్కడ నా పెద్ద కొడుకు పేరు రాయి అంది. తాత సన్న కుంచె తెచ్చి, నేల మీద చతికిలబడి, తెల్లరంగుతో ఉర్దూలో ఆ పేరు రాశాడు. ఎంత పెద్ద బోర్డయినా గీత కొట్టకుండా రాసే చెయ్యి, ఆ చిన్న పేరుకు రెండుసార్లు తుడిచి మళ్లీ రాసింది. ఆ పేరు నేనిక్కడ రాయను.

కొన్నాళ్లకు మాస్టర్ సాబ్ క్యాలిపర్ పట్టీ మార్పించుకోవడానికి వచ్చాడు. సైకిల్ మడిచి గోడకు ఆనించి, దాని మీది పేరు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"మొఘల్‌పురాల పోరగాండ్లకు నేనే సదువు నేర్పిన గద ఆపా. సైకిల్ మీద పేరు సదివి అది నా పేరే అనుకున్నరు. ఇప్పుడు గల్లీ గల్లీల గా పేరు వెట్టే పిలుస్తున్నరు. నేను గూడ పలుకుతున్న. ఎంతమందికని చెప్త?"

"పోనీలే మాస్టర్ సాబ్, పిల్లలు."

"అది గాదు. నిన్న ఒక పిలగాని బాప్ మా ఇంటికొచ్చిండు. దర్వాజ కాడ నిలవడి గా పేరు వెట్టి పిలిచిండు, ఘర్ మే హై క్యా, ఇంట్ల ఉన్నడా అని. అమ్మీ లోపట నమాజుల ఉండె. నమాజు ఇడ్సి ఉరికొచ్చింది. చెప్పుల్లేవు, నెత్తి మీద దుపట్టా లేదు. నేనెప్పుడూ సూడలే ఆపా, అమ్మీ ఉరుకుడు."

పేంటర్ తాత అన్నీ వింటూనే ఉన్నాడు. లేచి వచ్చి, సైకిల్ పక్కన నిలబడి, "తప్పైంది బాపూ. తుడిపేస్త. ఇప్పుడే తుడిపేస్త" అన్నాడు.

మాస్టర్ సాబ్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నేను గూడ అదే అన్న తాతా. అమ్మీ వద్దన్నది. ఇన్నేండ్లల్ల వాని పేరు వెట్టి ఇంటి ముంగట పిలిచినోడు లేడు, ఉండనీ అన్నది."